అమ్మోరికిచ్చిన కాలు

మిలటరీ ఆసుపత్రిలో నాకు కాలు తొడిగి, లేచి నిలబడమన్నాక, నేను నిలబడి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటే మేజర్ మేడమ్ చెప్పిన మొదటి మాట, "ఇది నీది కాదు" అని.

నాది కాదని నాకు మాత్రం తెలీదా? నాది బోర్డర్లో మందుపాతర తినేసింది. నుజ్జయినదాన్ని డాక్టర్లు తొడ మధ్య నుంచి కోసేశారు. ఆవిడ చెప్పేది వేరే సంగతి. ఈ కొత్త కాలు ఇంకా పరిశోధనలో ఉంది, సర్కారు సొత్తు, ఇంటికి తీసుకెళ్లి ఒక పంటకాలం పాటు వాడి చూసి, మళ్లీ తెచ్చి అప్పజెప్పాలి. మోకాలి దగ్గర చిన్న కంప్యూటరు, బ్యాటరీ ఉంటాయి. నేను అడుగు ఎలా వేయబోతున్నానో నాకంటే ముందే దానికి తెలిసిపోతుందట. అప్పటిదాకా మా ఇంట్లో ఆ శక్తి మా ఆవిడకే ఉండేది.

ఇలాంటి మోకాళ్లు బయటి దేశాల్లో ఉన్నాయి కానీ వాటి ఖరీదుకి మా వైపు ఇల్లు కట్టుకోవచ్చు. అందుకని మన డాక్టర్లు, ఇంజనీర్లు కూర్చుని, కాళ్లు పోగొట్టుకున్న జవాన్ల కోసం మన దగ్గరే ఒకటి తయారు చేశారు. తయారు చేశాక ఎవడో ఒకడు నడిచి చూపించాలి కదా. కొత్త మందయితే ముందు ఎలక్కి వేస్తారు. కొత్త కాలు ఎలక్కి పట్టదు కాబట్టి మా వార్డులో కొందరికి వేశారు.

ఆ పరిశోధనలోనే ఇంకో తద్దినం ఉండేది. లేని కాలి గురించి. తెలియని వాళ్లు నమ్మరు గానీ, పోయిన కాలు నొప్పి పెడుతుంది, దురద పెడుతుంది, లేని వేళ్లు తిమ్మిరెక్కుతాయి. గోక్కుందామంటే అక్కడ దుప్పటి తప్ప ఏమీ ఉండదు. దానికి మేడమ్ ఒక వైద్యం చేసేది. రెండు కాళ్ల మధ్య అద్దం నిలబెట్టి, ఉన్న కాలిని అందులో చూస్తూ ఆడించమనేది. అద్దంలో రెండో కాలు కనబడేసరికి మెదడు మోసపోయి నొప్పి తగ్గిస్తుందట. "నా మెదడు విజయనగరం జిల్లాది మేడమ్, అంత తేలిగ్గా మోసపోదు" అన్నాను. వారం తిరక్కుండా సిగ్గులేకుండా మోసపోయింది. నొప్పి తగ్గింది, దురద మాత్రం మిగిలింది.

అద్దం పక్కన పెట్టాక ఆవిడ ప్రతిసారీ ఒకటే అడిగేది. "లేని పాదం ఇప్పుడు ఎక్కడ ఉన్నట్టు అనిపిస్తోంది?" కొందరికి ఉండాల్సిన చోటే ఉన్నట్టుంటుందట, కొందరికి పొట్టిదైపోయి తొడలో దూరినట్టుంటుందట. నాకు ఆ ప్రశ్న వింటే ఒళ్లు మండేది. లేనిదాని అడ్రసు నాకెలా తెలుస్తుంది? "మెస్‌లో ఉంది మేడమ్, ఇవాళ చికెన్ కదా" అనేవాణ్ని. ఇంకోసారి "సెలవు పెట్టి ఊరెళ్లింది" అన్నాను. పంజాబు మనిషి, నవ్వేది కాదు. "నవ్వించు, పర్లేదు, కానీ జవాబు కూడా చెప్పు. నీ తర్వాత ఇక్కడికొచ్చే కుర్రాడికి పనికొస్తుంది" అంది హిందీలో. నేనెప్పుడూ చెప్పలేదు.

ఇంటికి బయల్దేరేటప్పుడు అసలు సంగతి చెప్పింది. పంటకాలం అయ్యాక కాలుతో సహా వచ్చి పరీక్షలో నడిచి చూపిస్తే, ఆ కాలు నాకే ఇచ్చేస్తారు. పైగా మెడికల్ బోర్డు వాళ్లు నన్ను ట్రైనింగ్ సెంటర్లో స్టోర్ పనిలో ఉంచుతారు, యూనిఫాం ఒంటి మీదే ఉంటుంది. కాలు పాడైనా, పోయినా, నేను సరిగ్గా వాడకపోయినా పెన్షన్ ఇచ్చి ఇంటికి పంపేస్తారు. మా వైపు పిల్లలు తెల్లారకముందే రోడ్ల మీద పరుగులు తీస్తారు, ఆర్మీ సెలక్షన్ కోసం. నెల్లిమర్ల రోడ్డు మీద నేనూ అలా పరిగెత్తి వెళ్లినవాణ్నే. ఆ రోడ్డు మీదికే కాలు పోయినవాడినని ముద్ర వేయించుకుని తిరిగి రావడం నాకు సుతరామూ ఇష్టం లేదు. చేరినప్పుడు వేసుకున్న యూనిఫాం నా అంతట నేనే విప్పాలి. అంతే నాకు కావాల్సింది.

మా ఊరు నెల్లిమర్లకీ రామతీర్థానికీ మధ్యలో ఉంటుంది. దిగిన రోజు ఊరంతా కాలు చూడ్డానికి వచ్చింది, నన్ను చూడ్డానికి ఎవరూ రాలేదు. అందరికంటే ముందు మా మేనత్త వచ్చింది. ఆవిడ మా నాన్నకి చెల్లెలు, నాకు పిల్లనిచ్చిన అత్తగారు కూడా. రెండు వైపుల నుంచీ నన్ను తిట్టే హక్కు ఉన్న మనిషి.

మోకాలి మీద వేలితో కొట్టి చూసి, "ఒరే అల్లుడా, దీనికి పెట్రోలు పోయాలేటి?" అంది.

"కరెంటత్తా. ఫోన్లాగ ఛార్జింగ్ పెట్టాలి."

"అయితే మనూర్లో సగం రోజులు నువ్వు కూకోవాల. కరెంటెప్పుడుంతాది?"

మా అమ్మ మాత్రం దగ్గరికి రాలేదు. గుమ్మంలో నిలబడి నా మొహమే చూసింది, కాలు వైపు చూడలేదు. నాన్న పోయిన దగ్గర్నుంచీ వరి, నువ్వులు, గోగు అన్నీ ఒంటిచేత్తో పండించి నన్ను నిలబెట్టిన మనిషి, దేనికీ జడవదు. అలాంటిది నేను ఆ కాలు వేసుకుని వాకిట్లో నడుస్తుంటే లోపలికి వెళ్లిపోయేది. చూడలేకపోతోంది కాబోలు, కన్నతల్లి కదా అనుకుని నేనూ ఊరుకున్నాను.

నేను మాత్రం డాక్టర్లు చెప్పినట్టు నడిచాను. గతుకుల్లో నడవాలి, బురదలో నడవాలి, ఎత్తుపల్లాల్లో నడవాలి అన్నారు. మా ఊరి రోడ్డు ఉండగా వాటికోసం వేరే చోటు వెతుక్కోవాలా? పొలం గట్ల మీద నడిచాను. రామతీర్థం కొండ మెట్లు ఎక్కాను. జనంలో నడవాలన్నారని గజపతినగరం సంతకి వెళ్లాను. అక్కడ మేకలమ్మే ఆయన బేరం ఆపేసి నా వెనకాలే తిరిగాడు, ఇలాంటిది మేకలకి కూడా వస్తుందా అని. ఆ రోజు ఎండకి జ్వరం వచ్చింది. పడుకుని మూలుగుతుంటే అమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది.

"దాన్నిప్పీరా నాయినా. మనకొద్దది" అంది.

"ఎండ దెబ్బమ్మా. కాలేం చేసింది?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గుడికి వెళ్లిపోయింది. పెద్దవాళ్ల చాదస్తం అనుకుని నేను అటు తిరిగి పడుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకి మా ఊరి అమ్మవారి పండగ వచ్చింది. మంగళవారం. పొద్దున్నే కాలు విప్పి అరుగు మీద గోడకి ఆనించి, పెరట్లోకి వెళ్లి స్టూలు మీద కూర్చుని స్నానం చేశాను. మోకాలికి నీళ్లు తగలకూడదని మేడమ్ గట్టిగా చెప్పింది మరి. కర్రలు పట్టుకుని తిరిగొచ్చేసరికి అరుగు మీద బూటు ఉంది. బూటులో మేజోడు ఉంది. కాలు లేదు.

"ఏమే!" అని కేకేశాను. మా ఆవిడ చేతిలో పిండితో బయటికొచ్చింది.

"ఏటి బావా, కాలెక్కడ పెట్టీసినావు?"

"నేను పెట్టేదేమిటే, నీళ్లు పోసుకుని వచ్చాను. కుక్క గానీ ఎత్తుకుపోయిందా?"

"కుక్కైతే బూటు ఇప్పి ఎల్తాదేటి?" అంది.

అదీ నిజమే. ఇద్దరం మంచాల కింద, ధాన్యం బస్తాల వెనక, చివరికి పశువుల శాలలో కూడా వెతికాం. సర్కారు సొత్తు పోగొట్టిన జవాను మెడికల్ బోర్డు ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడతాడు? నాకు చెమటలు పట్టేశాయి. అప్పుడు మా ఆవిడ నెమ్మదిగా, "మీ అమ్మ చేట పట్టుకుని ఎల్లింది బావా. మీద ఎర్రగుడ్డ కప్పినాది. పొడుగ్గా ఉన్నాదేటాని నానూ అనుకున్నాను" అంది.

గుడి దగ్గర డప్పులు దద్దరిల్లిపోతున్నాయి. ఘటాలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లని తోసుకుంటూ, కర్రల మీద గెంతుకుంటూ ముందుకెళ్లాను. అమ్మవారి ఎదురుగా, కొబ్బరికాయలకీ కోడిపుంజుకీ మధ్యలో నా కాలు ఉంది. పాదం నుంచి తొడ దాకా పసుపు పూసేశారు. వరుసగా కుంకుమ బొట్లు. కంప్యూటరు ఉన్న మోకాలి సందులో వేపమండలు దోపారు. బొటనవేలి మీద సగం కోసిన నిమ్మకాయ. మా అమ్మ దాని పక్కన దణ్ణం పెట్టుకుని కూర్చుని ఉంది. బూటుతో గుడిలోకి రాకూడదని విప్పి ఇంటి దగ్గరే వదిలేసి వచ్చింది, అంత భక్తి.

"అమ్మా! అది సర్కారు కాలే!" అని అరిచాను.

"సర్కారు పెద్దా, అమ్మోరు పెద్దా?" అంది, తల తిప్పకుండా.

కాలు తీసుకోబోతే చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కసారి గోల చేశారు. అమ్మోరికి ఇచ్చింది మళ్లీ ఇంటి గడప తొక్కకూడదట, అరిష్టమట. నాకు తిక్క రేగింది. "కోడినిస్తారు కదా, మరి దాన్ని సాయంత్రానికి కూరొండుకుని తినేది ఎవరు? అమ్మోరా? కోడి ఇంటికి రావచ్చు గానీ కాలు రాకూడదా?" అన్నాను.  ఒక ముసలావిడ ఆలోచించి, "కాలుని వొండుకోనేం కదా నాయినా" అంది.

"అమ్మా, అసలు నీకిదేం బుద్ధి?" అని మళ్లీ అరవబోయాను. అప్పుడు అమ్మ నా వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీ కాలు తీసీసింది నానేరా" అంది.

డప్పులు కొట్టేవాళ్లు కూడా ఆపేశారు.

"నువ్వు మందుపాతర తొక్కి పడిపోనావని ఆ రోజు పొద్దున్న ఫోనొచ్చినాది. బతుకుతాడో నేదో సెప్పనేం అన్నారు. పరిగెత్తుకుని ఇక్కడికొచ్చి మొక్కీసినాను. కాలు తీసుకో తల్లీ, రెండూ తీసుకున్నా నాను మోసుకుంతాను, గుంటడిని నాకొగ్గీ అన్నాను. అప్పటికింకా నీ కాలు తియ్యనేదు. సాయంత్రం మళ్లీ ఫోను సేసి, కాలు తీసీసినాం, ఇంక పర్వానేదు, బతికినాడు అన్నారు." ఊపిరి తీసుకుంది. "నాను అడిగినాను, తల్లి ఇచ్చినాది. ఒక కాలే తీసుకున్నాది, దయగల తల్లి. ఇప్పుడు నువ్వు మళ్లీ కాలు తెచ్చుకున్నావు. మాట తప్పినట్టు కాదేటి? జొరం ఎందుకొచ్చినాదనుకున్నావు? ఇంకోసారి పట్టుకెల్తే నిన్నే పట్టుకెల్తాది. కాలు కావాలా, కొడుకు కావాలా అంతే నానేటి సెప్పాలి?"

 నాకు మందుపాతర గురించి తెలుసు, రక్తం పోవడం గురించి తెలుసు, డాక్టర్లు ఎందుకు కోశారో తెలుసు. ఇన్నాళ్లూ ఈ మనిషి నా కాలు తానే అమ్మేశానని మోస్తూ తిరుగుతోందని తెలీదు. ఏడుపొచ్చింది. కర్రలు రెండు చేతుల్లో ఉన్నాయి కాబట్టి కళ్లు తుడుచుకోవడానికి కూడా లేదు, ఊరందరి ముందూ అలాగే ఏడ్చాను.

అప్పుడు మా మేనత్త కేక పెట్టింది. చెప్పడం మర్చిపోయాను, మా ఊరి గణాచారి ఆవిడే. పండగ రోజు అమ్మవారు ఆవిడ ఒంటి మీదికి వస్తుంది. ఏడాదంతా నన్ను తిట్టే నోటితోనే ఆ రోజు అమ్మవారు మాట్లాడుతుంది. నాకు ఆ రెండు గొంతులకీ ఎప్పుడూ పెద్ద తేడా తెలియలేదు. ఆవిడ జుట్టు విరబోసుకుని, వేపమండలు ఊపుకుంటూ వచ్చి మా అమ్మ ముందు నిలబడింది.

"ఒసే! నాకు రెండోసారి కాలియ్యమని ఎవులు సెప్పినారే నిన్ను?"

అమ్మ చేతులు జోడించింది. వరసకి ఆడపడుచే అయినా ఆ క్షణంలో వదిన లేదు, మరదలు లేదు. "మాట తప్పకూడదని తల్లీ..." అంది.

"నువ్విచ్చిన కాలు నాను తీసుకున్నాను. దాంతో సరిపోనాది. ఇది వోడిది. నాకేటికి?"

అమ్మ ఆవిడ పాదాల దగ్గరికి జరిగింది. అందరూ తప్పు క్షమించమని అడుగుతుందనుకున్నారు. అది కాదు అడిగింది.

"అయితే ఆ కాలు నీకాడే ఉన్నాదా తల్లీ? అక్కడ ఆసుపత్రోల్లు ఏటి సేసినారో నాకెవులూ సెప్పనేదు. పదిలంగా ఉన్నాదా?"

నేను ఎప్పుడూ అడగలేదు ఆ మాట. నా కాలి సంగతి నేనే అడగలేదు.

మేనత్త ఊగడం ఆగింది. "నా ఒళ్లోనే ఉన్నాది" అంది, గొంతు తగ్గించి.

"రాత్రిపూట వోడికి ఆ కాలు దురద పెడతాది తల్లీ. నిద్దట్లో గోక్కుంతాడు, సేతికేటీ తగల్దు. సూడ్నేకపోతన్నాను."

"పసుపు రాస్తన్నానే. తగ్గుతాదిలే. లే."

అమ్మ లేచింది. చేటలోంచి కాలు తీసి, రెండు చేతులతో, పసిబిడ్డని అందించినట్టు నాకు అందించింది. ఆ కాలు వచ్చాక ఆవిడ దాన్ని నా కళ్లెదుట ముట్టుకోవడం అదే మొదటిసారి. నేను కర్రలు రెండూ ఒక చంకలోకి మార్చి దాన్ని అందుకుని, తల వంచి వెనక్కి తిరుగుతుంటే అమ్మవారు మళ్లీ కేకేసింది.

"ఒరే గుంటడా! మళ్లీ బోర్డరుకెల్తానని మా పిల్లనొగ్గీసి పోనావంతే, నీ రెండో కాలు నానే ఇరగ్గొడతాను!"

మా ఇంటి సంగతులు అమ్మవారికి చాలా బాగా తెలుసు. మర్నాడు మేనత్తని అడిగితే, "నాకేటి గుర్తుంతాదిరా, తల్లి పలికినాది" అని చేటతో బియ్యం చెరుగుకుంటూ కూర్చుంది. నేనూ రెట్టించలేదు. ఎవరు పలికితే నాకేం? ఆ రోజు నుంచీ మా అమ్మ వాకిట్లో నిలబడి నేను నడుస్తుంటే చూస్తోంది. "ఆ మడం బాగా ఎయ్యరా" అని డ్రిల్ మాస్టర్ లాగ అరుస్తోంది కూడా.

పసుపు వదిలించడానికి మా ఆవిడకి పాత పళ్ల బ్రష్షు సరిపోలేదు. ఛార్జింగ్ పెట్టే కన్నంలోంచి సూదితో తీసింది, నన్నూ మా వంశాన్నీ తిడుతూ. తన వంశమూ అదేనని గుర్తు చేస్తే సూది నా వైపు తిప్పింది. ఎంత తోమినా రంగు మాత్రం పోలేదు. కాలు మటుకు పనిచేసింది.

పంటకాలం అయ్యాక ఆసుపత్రికి వెళ్లాను. మేజర్ మేడమ్ కాలు బల్ల మీద పెట్టి చూసింది. మోకాలు మడవగానే సందులోంచి ఎండిపోయిన వేపాకు రాలింది. ఆవిడ ఆ ఆకు వైపు చూసింది, నా వైపు చూసింది. కాలిని కంప్యూటరుకి తగిలించి, నేను ఏ రోజు ఎంత నడిచానో చూసుకుంటూ వచ్చి ఒక చోట ఆగింది.

"ఈ మంగళవారం పొద్దున నువ్వు ఒక్క అడుగు కూడా వేయలేదు. కానీ కాలు చాలాసేపు అదురుతూనే ఉంది. ఇదేం వ్యాయామం?"

"డప్పులు మేడమ్."

"డప్పులా?"

చెప్పక తప్పలేదు. వచ్చిన హిందీతో, రాని చోట చేతులతో, మొత్తం చెప్పాను. కోడి దగ్గర ఆవిడ మొదటిసారి నవ్వింది. అమ్మ సంగతి దగ్గరికొచ్చేసరికి పెన్ను పక్కన పెట్టేసింది.

తర్వాత నడిపించారు, మెట్లెక్కించారు, కంకర్లో తిప్పారు. మా ఊరి రోడ్డు ముందు అవి ఓ లెక్కా? పాసయ్యాను. కాలు నాకే ఇచ్చేశారు. బోర్డు వాళ్లు ట్రైనింగ్ సెంటర్లో స్టోర్ పనికి సంతకం పెట్టారు, యూనిఫాం ఒంటి మీదే ఉంది.

చివర్లో మేడమ్ మళ్లీ అద్దం తెప్పించింది. నేను జోకు వేస్తానని ఆవిడకి ముందే తెలుసు, అయినా అడిగింది. "లేని పాదం ఇప్పుడు ఎక్కడ ఉన్నట్టు అనిపిస్తోంది?"

"మా ఊళ్లో మేడమ్. అమ్మోరి ఒళ్లో" అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది. నేను నవ్వడం లేదు. అలాగే రాసుకుంది.

"దురద?"

"తగ్గింది మేడమ్," అన్నాను. "పసుపు రాస్తున్నారు."